వేలి తొడుగుల బేరం

కంటికి కనబడే కొండలన్నీ దాటి, వాటి వెనకాల ఎవరూ పేరు పెట్టని కొండలు కూడా దాటితే మకరందపురి అని ఒక పట్నం ఉండేది. దాని కోటగోడలు ఎర్రరాయి, గోపురాలు పసుపుపచ్చ రాయి, వీధుల నిండా తెల్లటి ఇసక. పొద్దున్నే సూర్యుడు బురుజు మీదికి ఎగబాకేసరికి పసుపూ కుంకుమా ముగ్గుపిండీ ఒకే పళ్ళెంలో పెట్టి ఆకాశానికి ఎదురు పట్టినట్టుండేది. కానీ ఆ ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళు ఈ సొగసేదీ చూసేవాళ్ళు కాదు. చెవులు రిక్కించుకుని కోటగుమ్మంలోనే నిలబడిపోయేవాళ్ళు. ఎందుకంటే ఆ ఊళ్ళో వాద్యం లేని ఇల్లు లేదు, వాద్యం పట్టని చెయ్యి లేదు.

రాణిగారు వీణ వాయించేది. బిడ్డ పెద్దదైపోయి ఒళ్ళో పడుకోవడం మానేసింది, ఇదైతే ఎప్పటికీ ఒళ్ళోనే పడుకుంటుంది అనేది. మహామంత్రికి మృదంగమంటే ప్రాణం. సభలో ఎంతమందిని కొట్టాలనిపించినా కొట్టడానికి లేదు కదా పాపం, ఇంటికొచ్చి ఆ దెబ్బలన్నీ దానిమీద వేసుకుని హాయిగా నిద్రపోయేవాడు. రేవులో పడవవాడికి పిల్లనగ్రోవి. నడినీళ్ళలో మాట్లాడేందుకు మనిషి దొరకడు, నా ఊపిరే నాకు బదులు చెబుతుంది అనేవాడు. ఇక రాజు ధర్మకేతుడు గిన్నెల్లో నీళ్ళు పోసుకుని జలతరంగం వాయించేవాడు. చిన్నప్పుడు నీళ్ళల్లో చెయ్యి పెడితే దాది ఆ చేతిమీద ఒక్కటిచ్చేదట. ఇప్పుడెవరిస్తారు?

ఆ రాజుకి ఒక్కతే కూతురు, హేమలేఖ. ఆ పిల్లకి బంగారు తీగెల వీణలు ఎన్ని తెచ్చిచ్చినా ముట్టుకోలేదు. కొండవాళ్ళు వెదురుకి సొరబుర్రలు మైనంతో అతికించి కట్టిన కిన్నెర ఒకటి తెచ్చిస్తే దాన్ని పట్టుకుని వదల్లేదు. వాయిస్తున్నంతసేపూ నవ్వుతూనే ఉండేది. ఎందుకమ్మా నవ్వుతావంటే, తీగె మీటగానే అది ముందు నా పొట్టలో మోగుతుంది, ఆ తరవాతే బయట మోగుతుంది, చక్కిలిగింతలు పెట్టినట్టుంటుంది అనేది.

మరి ఇంతమంది ఇన్ని వాయించి సంతోషపడే ఊళ్ళో కడుపు మండిపోతూ బతికేవాడు ఒకడున్నాడు. వాడే మన ఓబన్న. రాజుగారి మేళంలో డోలు వాడిది.

ఆ మేళానికి సన్నాయి నాగలింగం. ఓబన్నకి పెదనాన్న కొడుకు. ఇద్దరూ ఒకే అరుగుమీద పెరిగినవాళ్ళు. చిన్నప్పుడు ఇద్దరూ పరిగెత్తుకెళ్ళి తాత చేతిలోని ఒకే సన్నాయిని పట్టుకున్నారు. తాత ఇద్దరి అరచేతులూ తిప్పి చూశాడు. ఓబన్న చేతులు రుబ్బురోటి పొత్రాల్లా ఉన్నాయి. సన్నాయి నాగలింగానికిచ్చి, డోలు వార్లు ఓబన్న మెడలో వేశాడు. అంతే, ఆ రోజు రాజుకున్న నిప్పు మళ్ళీ ఆరలేదు.

దేశదేశాల్లో ఆ మేళం పేరు నాగలింగం మేళం. ఓబన్న మేళం అన్నవాడు పుట్టలేదు. నాగలింగం సన్నాయి పీక తుడుచుకుంటుంటే జనం ఊపిరి బిగబట్టుకుని చూసేవాళ్ళు. ఓబన్న చెమట తుడుచుకుంటుంటే, కాస్త పక్కకి జరగవయ్యా నాగలింగం కనబడటం లేదు అనేవాళ్ళు. విందుల్లో వాడికి పటికబెల్లం వేసి కాచిన పాలు, వీడికి మజ్జిగ. వాడికి శాలువా, వీడికి తాంబూలం. పోనీ నాగలింగం చెడ్డవాడా అంటే అదీ కాదు. వచ్చిన ప్రతి శాలువా తీసుకొచ్చి, నువ్వు కప్పుకోరా ఓబీ అనేవాడు. అదే ఇంకా మండేది. ఇచ్చే చెయ్యి పైనుంటుంది, పుచ్చుకునే చెయ్యి కిందుంటుంది కదా. చెడ్డవాణ్ణి చూసి ఏడిస్తే నలుగురూ మన వైపు ఉంటారు. మంచివాణ్ణి చూసి ఏడ్చేవాడు ఒంటరిగానే ఏడవాలి.

ఇలా ఉండగా హేమలేఖకి పట్టాభిషేకమని చాటింపు వేశారు. ముత్యాల పందిరి, చందనం స్తంభాలు, వాటికి చుట్టిన జాజిపూలు, ఏనుగుల మీద వెండి అంబారీలు, నేలమీద పరిచిన పట్టు తివాసీలు. చూసినవాళ్ళ కళ్ళు చూసినచోటే ఉండిపోయేవి. ఆ పొద్దున్న రాణిగారు స్వయంగా వచ్చి నాగలింగం భుజాన జరీ శాలువా కప్పి, నీ సన్నాయి లేనిదే నా బిడ్డకి కిరీటం లేదు నాయనా అంది. ఓబన్న పక్కనే ఉన్నాడు. ఆవిడ చూపు వాడి మీదుగా వెళ్ళింది గాని వాడిమీద వాలలేదు.

ముహూర్తానికి గట్టిమేళం ఎందుకు వాయిస్తారో తెలుసుగా? ఆ గడియలో ఎవరో తుమ్ముతారు, ఎక్కడో పిల్లి అరుస్తుంది, ఏ పాడునోరో ఒక పాడుమాట అంటుంది. అది చెవిన పడకూడదని సన్నాయీ డోలూ ఒక్కసారే ఎత్తుకుని ఆ చప్పుడుతో ముహూర్తం చుట్టూ గోడ కట్టేస్తాయి. మకరందపురిలో ఆ గోడకి తాతల కాలం నుంచి ఒక్క బీట పడలేదు.

పురోహితుడు చెయ్యెత్తాడు. కిరీటం హేమలేఖ తలమీదికి దిగుతోంది. నాగలింగం సన్నాయి ఎత్తుకున్నాడు. అప్పుడు ఓబన్నకి ఒక బుద్ధి పుట్టింది. ఒక్క రెప్పపాటు ఆగుదాం, నేను లేకపోతే ఆ సన్నాయి ఎంత సన్నగా ఉంటుందో ఇవాళ అందరికీ తెలియాలి అనుకున్నాడు. కర్ర గాల్లోనే ఆపాడు.

ఆ రెప్పపాటు సందులోంచి ఒక మాట దూరింది. ఆ మాటేమిటో నేను చెప్పను, ఎవరూ అడగకండి. స్తంభం పక్కన జపమాల తిప్పుకుంటూ కూచున్న ముసలి బైరాగి నోట్లోంచి వచ్చిందది. పందిట్లోని దీపాలన్నీ ఒక్కసారి నీలంగా మారాయి. సింహాసనం మీద పొగ లేచింది. పొగ తీసేసరికి అక్కడ హేమలేఖ లేదు, ఒళ్ళోని కిన్నెరా లేదు. కిరీటం మెట్లమీద దొర్లుకుంటూ పోయింది.

బైరాగి జడలు ఊడి పడ్డాయి. లోపలున్నది ఘోరకంఠుడనే మంత్రగాడు. వాడి గొంతు ఇనప తలుపు కీచుమన్నట్టుంటుంది కాబట్టి ఆ పేరు. వాడు నవ్వుతూ అన్నాడు గదా, "ఏళ్ళ తరబడి మీ పండగలన్నిటికీ వస్తున్నాను. మీ మేళంలో సూది దూరే సందు దొరకలేదు. ఇవాళ దొరికింది. ఇచ్చిన మహానుభావుడెవరో గాని వాడికి నా దణ్ణం." ఆ మాటతో వాడూ పొగలో కలిసిపోయాడు.

రాజు కత్తి దూశాడు. మేళం ఎక్కడ తప్పిందో చెప్పమని గద్దించాడు. నాగలింగం ముందుకొచ్చి, నా ఊపిరి తప్పింది ప్రభూ అన్నాడు. ఓబన్న, మంచితనంలో కూడా వీడే ముందుండాలా అని, వాడికంటే గట్టిగా, కర్ర ఆపింది నేను ప్రభూ అని అరిచాడు. రాజు సభని అడిగాడు, డోలు ఆగినట్టు ఎవరికైనా తెలిసిందా అని. ఒక్కరికీ తెలియలేదు. ఇంతమంది చెవులు కోసుకునే ఊళ్ళో డోలు ఎవరూ వినలేదు. అన్నని కాపాడుకోవడానికి అబద్ధమాడుతున్నాడు, ఎంత మంచి తమ్ముడో అని ఆడవాళ్ళు కళ్ళు కూడా తుడుచుకున్నారు. ఓబన్నకి తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. ఆఖరికి తప్పులో కూడా వాటా లేకపోయె.

అమావాస్య లోపల బిడ్డ తిరిగి రాకపోతే నాగలింగం వేళ్ళు పదీ తీయిస్తానని రాజు ఆనపెట్టి, వాణ్ణి చెరసాల్లో వేయించాడు. ఓబన్న డోలు భుజానికెత్తుకుని హేమలేఖని వెతకడానికి బయలుదేరాడు. చెరసాల కిటికీ దగ్గర నాగలింగం పిలిచాడు.

"నీ కర్ర ఆగడం నేను విన్నానురా ఓబీ. ఎందుకాగిందో కూడా తెలుసు. దారిలో ఎండెక్కువ, ఈ శాలువా తలకి చుట్టుకో."

"నీ శాలువా నువ్వే కప్పుకో," అన్నాడు ఓబన్న. వెనక్కి చూడకుండా పోయాడు. పోయినవాడు ఎండకి మాడి చచ్చాడనుకోండి, అది వేరే సంగతి.

మొదట పాముతీగెల అడవి అడ్డం వచ్చింది. ఆ తీగెలు నడిచేవాణ్ణి ఏమీ చెయ్యవు. ఆగినవాడి కాళ్ళకి చుట్టుకుని, మెడదాకా పాకి, ఎముకలు మాత్రం మిగులుస్తాయి. ఓబన్న డోలు వాయించుకుంటూ ఆ దరువు మీదే అడుగు వేశాడు. కాలు ఆగుదామన్నా చెయ్యి ఆగనివ్వలేదు. పొద్దు నెత్తిమీదికొచ్చేసరికి అడవి అవతల పడ్డాడు.

అవతల నిప్పుల వాగు. నీళ్ళ బదులు కాగిన ఇసక పారుతుంది. ఒడ్డున తాటిచెట్టంత రాక్షసి ఒకతె కూచుని తన పొట్టమీద తనే దరువేసుకుంటోంది. ఓబన్నని రెండు వేళ్ళతో మెడపట్టి ఎత్తి, కంటి దగ్గర పెట్టుకుని చూసింది.

"ఒరే మనిషి పిల్లడా, నీ పొట్ట భుజానికి వేలాడుతోందేమిటిరా?"

"అవ్వా, ఇది పొట్ట కాదు, డోలు."

"మోగుతుందా?"

మోగించాడు. రాక్షసి మొహం మాడిపోయింది. ఈ కొండల్లో నా పొట్టకంటే బాగా మోగేది లేదనుకున్నాను, జానెడు మనిషివి నువ్వు నాకు పోటీగా వస్తావా అని గుర్రుమంది. సరే అవ్వా తేల్చుకుందాం అన్నాడు వీడు. ఆవిడ ఒక దరువు, వీడు ఒక దరువు. ఆవిడ పొట్ట అదురుతుంటే కొండరాళ్ళు దొర్లాయి. వీడి డోలు అదురుతుంటే ఆ రాళ్ళు ఆగి విన్నాయి. పందెం మధ్యలో ఆవిడకి నవ్వు పుట్టింది. నవ్వితే పొట్ట కదిలి దరువు తప్పింది. దరువు తప్పితే ఇంకా నవ్వు. చివరికి ఓడిపోయాననే సంగతి కూడా మరిచిపోయి వాణ్ణి అరచేతిలో కూచోబెట్టుకుని వాగు దాటించింది.

ఘోరకంఠుడి సంగతి ఆవిడే చెప్పింది. నిశ్శబ్దగిరి మీద ఉంటాడట, తన మొగుడి కొమ్ముబూర కూడా వాడే ఎత్తుకుపోయాడట. వాడి గుహలోకి మనిషిని రానివ్వరు గాని, వాద్యాలు బాగుచేసేవాళ్ళని మాత్రం రానిస్తారట. ఆవిడ తన జుట్టులోంచి ఒక పాయ పీకి, వాడికి మోకాళ్ళదాకా గడ్డం కట్టి, ఇప్పుడు నువ్వు మా మామగారిలా ఉన్నావురా అని దీవించి పంపింది.

నిశ్శబ్దగిరి మీద జలపాతం దూకుతుంది, చప్పుడుండదు. పక్షులు నోరు తెరుస్తాయి, కూత రాదు. కొండకీ కొండకీ మధ్య అడుగు కనబడని లోయ, దానిమీద తాళ్ళ వంతెన. ఆ వంతెన దాటి, గుమ్మంలో ఉన్న భూతాలకి డోలు చూపించి, డోళ్ళు బిగించేవాణ్ణి నాయనా అని గొంతు మార్చి చెప్పుకుని ఓబన్న లోపలికి పోయాడు.

ఆ గుహ లోపలి వైభవం ఏమని చెప్పేది. చంద్రకాంతపు రాళ్ళతో కట్టిన మండపం. వరసగా దంతపు వీణలు, వెండి పిల్లనగ్రోవులు, మువ్వలు కట్టిన తంబురాలు, శంఖాలు, జమిడికలు, గుమ్మెటలు, డక్కీలు, కొమ్ముబూరలు. ఒక్కొక్కదాని ముందూ ఒక్కొక్క నేతిదీపం. ఒక్కదానిమీదా దుమ్ములేదు. నడిమధ్యన పులిచర్మం మీద కూచుని ఘోరకంఠుడు వీణ వాయిస్తున్నాడు. ఒక్క స్వరం తప్పులేదు. అయినా వింటుంటే అన్నంలో ఇసక నమిలినట్టుంది. పక్కన హేమలేఖ కిన్నెర ఒళ్ళో పెట్టుకుని, చేతులు కట్టుకుని, మొహం తిప్పుకుని కూచుంది.

ఏదీ వాయించి చూపించమన్నాడు ఘోరకంఠుడు. ఓబన్న కుడిచేతి వేళ్ళకి తొడుగులు ఎక్కించుకున్నాడు. గుడ్డపీలికలు అన్నం మెతుకులతో చుట్టి ఎండబెట్టుకున్న తొడుగులవి, రాయిలా ఉంటాయి. ఎడమచేత్తో కర్ర అందుకుని దరువు మొదలుపెట్టాడో లేదో హేమలేఖ గభాలున ఇటు తిరిగింది.

"ఓబన్నా, నువ్వా?"

పాపం ఆ పిల్ల ఆలోచించకుండా అనేసింది. ప్రాణం పోయే చోట మారువేషం బయటపడిందే అని వాడు గజగజ వణకాలా? వణకలేదు. వాడికి ఒళ్ళు పొంగిపోయింది. కళ్ళు మూసుకున్నా నా చెయ్యి గుర్తుపట్టే మనిషి భూమ్మీద ఒకరున్నారన్నమాట అని పెదవులు చెవులదాకా సాగాయి. ఆ నవ్వుకి రాక్షసి కట్టిన గడ్డం ఊడి డోలు మీద పడింది.

ఘోరకంఠుడు లేచి వాడి చుట్టూ తిరిగి, కుక్క వాసన చూసినట్టు చూశాడు. "సందు ఇచ్చింది నువ్వేనా," అన్నాడు. "నీ ఒంట్లోని వాసన నాకు తెలుసు. నాదీ అదే వాసన."

అని తన కథ చెప్పాడు. వాడు కూడా ఒకప్పుడు గురువు దగ్గర నేర్చుకున్నవాడే. తప్పనేది లేకుండా నేర్చాడు. వాడి పక్కనే ఇంకొక శిష్యుడు స్వరాలు తప్పుతూ, తప్పినందుకు నవ్వుకుంటూ వాయించేవాడు. గురువు వీడి వీణ విని బాగుంది అనేవాడు, వాడి వీణ విని అన్నం తినడం మరిచిపోయేవాడు. ఆ రోజు నుంచీ లోకంలోని వాద్యాలన్నీ పోగుచేస్తున్నాడు. వాద్యాలొచ్చాయి గాని, వాయించేటప్పుడు వాళ్ళకి లోపల కలిగేదేదో అది రాలేదు. మంత్రానికి లొంగలేదు, కత్తికి బెదరలేదు. ఎవరిది వాళ్ళు తమ చేత్తో ఇస్తేనే వస్తుందట. ఈ పిల్ల నవ్వు అడిగాను, చచ్చినా ఇవ్వనంటోంది అన్నాడు.

ఆ తరవాత గొంతు తగ్గించి ఓబన్నకి ఆశ పెట్టాడు. నాగలింగం వేళ్ళు అమావాస్యకి ఎలాగూ పోతాయని నా భూతాలు కబురు తెచ్చాయి, వాడి ఊపిరి లాగి నీ రొమ్ములో పెడతాను, ఇక సన్నాయి నీది, పాలు నీవి, శాలువాలు నీవి, ఈ పిల్లని ఇక్కడ వదిలేసి పో అన్నాడు. అబద్ధమెందుకు చెప్పాలి, ఓబన్న నోరూరింది. కళ్ళముందు పల్లకీ కనబడింది, రాణిగారు కనబడింది. జరీ అంచు మెడకి తగిలినట్టే అనిపించింది. అయినా తల అడ్డంగా ఊపాడు.

"వాడు ఎదురుగా నిలబడి ఊదుతుండగా వాణ్ణి మించాలి నేను. వేళ్ళు లేనివాణ్ణి మించితే ఎవడిక్కావాలి?"

ఘోరకంఠుడు మెచ్చుకున్నట్టు చూశాడు. సరే, అయితే నీ డోలులో నీకున్న సంతోషం ఇచ్చెయ్యి, పిల్లని తీసుకుపో, కానీ వంతెన మీద ఒక్క అడుగు వెనక్కి పడినా బేరం చెడినట్టే అన్నాడు. వద్దు ఓబన్నా అంది హేమలేఖ. అది ఇస్తే మళ్ళీ రాదు, నేను ఇక్కడే ఉంటాను అంది. వాడు వినలేదు. కుడిచేతి తొడుగులు ఒక్కొక్కటే లాగి మంత్రగాడి అరచేతిలో పెట్టాడు. పెడుతూ ఆ సంతోషమేమిటో నోటితో చెప్పాలన్నాడు వాడు. నియమమట.

ఓబన్నకి చెప్పడం ఎప్పుడు అలవాటు? అయినా చెప్పాడు. కర్ర పడ్డ మొదటి దెబ్బకి అరికాళ్ళు ఝుమ్మంటాయన్నాడు. గుర్రం ఎక్కనివాణ్ణి నేను, దరువు జోరందుకుంటే గుర్రం మీదున్నట్టే ఉంటుందన్నాడు. పందిట్లో ఏడ్చే పసిపిల్లలు నా దెబ్బకి ఏడుపాపి ఎటునుంచి వస్తోందా అని వెతుక్కుంటారు, పెద్దవాళ్ళు చూడకపోయినా వాళ్ళు చూస్తారు అన్నాడు. వాయించినంతసేపూ నా మండే కడుపు మండుతున్నట్టు నాకే తెలియదన్నాడు. ఆఖరి తొడుగు ఇచ్చేసరికి వాడి చేతులు చల్లబడ్డాయి. డోలు వైపు చూస్తే పనసచెక్కా తోలూ కనబడ్డాయి. ఇంకేమీ కనబడలేదు.

డోలు అక్కడే వదిలేసి, హేమలేఖ చెయ్యి పట్టుకుని వంతెన ఎక్కాడు. సాయంత్రపు ఎండ లోయలో కుంకుమ పోసినట్టుంది. నాలుగడుగులు వేశారో లేదో వెనక గుహలో డోలు మోగింది.

నాయనలారా, అది మోగిన తీరు. చప్పుడే లేని ఆ కొండమీద జలపాతానికి ఘోష వచ్చింది, పక్షులు ఒక్కసారి కూతపెట్టాయి. వంతెన తాళ్ళు ఆ దరువుకి ఊగాయి. ఓబన్న ఎన్నడూ తన డోలు బయట నిలబడి విన్నవాడు కాదు. నాది ఇంత బాగుంటుందా అనుకున్నాడు, ఇది ఇంతకాలం నా చేతుల్లో ఉందా అనుకున్నాడు. ఇప్పుడు అది ఆ ఇనపగొంతు వాడి చేతిలో, తనకంటే జోరుగా, తనకంటే నవ్వుతూ మోగుతోంది. నాగలింగాన్ని చూసి ఇన్నేళ్ళు ఏడ్చినదంతా ఒక ఎత్తు, ఇదొక ఎత్తు. కుడికాలు దానంతటదే వెనక్కి లేచింది.

గుహ గుమ్మంలోంచి ఘోరకంఠుడి గొంతు వినబడింది. "తిరిగి వస్తావురా ఓబన్నా. ఏడ్చేవాడు ఎంతదూరం నడవగలడో నాకు తెలుసు, నేను నడిచినవాణ్ణే."

హేమలేఖ వాడి చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది. వాడు పళ్ళు బిగించి, లేచిన కాలు ముందుకే వేశాడు. ఆ పైన ఇంకొకటి. ఒక్కొక్క పలక దాటుతుంటే ఒళ్ళు చీల్చుకుని నడుస్తున్నట్టుంది. కళ్ళనీళ్ళలో దారి కనబడలేదు. ఆ పిల్ల లాగిన వైపుకి పోయాడు. పోయి పోయి అవతలి గట్టుమీద మోకాళ్ళమీద కూలబడ్డాడు. బేరం తీరింది. హేమలేఖకి ఇక మంత్రం లేదు, కట్టు లేదు.

అప్పుడు డోలు ఆగింది.

ఘోరకంఠుడు డోలు మెడలో వేసుకునే వంతెన చివరికొచ్చి నిలబడ్డాడు. మొహమంతా తడిసి ఉంది. పసిపిల్లవాడిలా నవ్వుతున్నాడు. మళ్ళీ నాలుగు దెబ్బలు వేశాడు. వేసి, ఏదో వినబడాలన్నట్టు కుడిపక్కకి తల వంచాడు. ఏమీ వినబడలేదు. మళ్ళీ వేశాడు, మళ్ళీ వంచాడు. నవ్వు మెల్లగా పోయింది.

"ఒరే, ఇందులో ఇంకేదో ఉందిరా, నువ్వు చెప్పనిది," అన్నాడు లోయ అవతలి నుంచి. "దరువేసిన ప్రతిసారీ నా కుడిపక్కన ఎవడో ఊదాలనిపిస్తోంది. వాడు పైకి పోతుంటే తరిమి పట్టుకోవాలనిపిస్తోంది. ఎవడురా వాడు? వాడు లేకపోతే ఇది సగమే."

అది తన సంతోషంలో ఉందని ఓబన్నకి ఇన్నేళ్ళూ తెలియదు. ఇచ్చేసిన తరవాత తెలిసింది.

చెప్పనక్కర లేకుండానే ఘోరకంఠుడికి అర్థమైంది. నాగలింగం, అన్నాడు తనలో తను, బెల్లంముక్క చప్పరించినట్టు. వేళ్ళు తియ్యకముందే తెచ్చుకోవాలి అన్నాడు. ఈల వేస్తే నల్లటి గద్ద ఒకటి కొండశిఖరం మీంచి దిగింది, రెక్క చాపితే మండువాయిల్లంత ఉంది. డోలుతో సహా దానిమీదెక్కి మకరందపురి దిక్కుకి లేచిపోయాడు. ఆ రెక్కల గాలికి తాళ్ళ వంతెన తెగి లోయలో పడింది.

హేమలేఖ తేరుకుని, ఒక రకంగా మేలే కదా ఓబన్నా, మనం అమావాస్యకి చేరలేకపోయినా మీ అన్న వేళ్ళు దక్కుతాయి అంది. వాడు ఖాళీ అరచేతులు చూసుకుంటూ లేచి నిలబడ్డాడు. చల్లబడ్డ ఒళ్ళు మళ్ళీ మండటం మొదలుపెట్టింది.

"మా అన్న పక్కన వాడు నిలబడతాడా తల్లీ?"

అని, ఆ పిల్లని భుజానెక్కించుకుని, నిప్పుల వాగు వైపు దిగుడుబాటలో పరుగు తీశాడు. నెత్తిమీద ఆకాశంలో, గద్ద నీడ వాడికంటే ముందు పోతోంది.